వీఎల్‌సీల ఆడుతది, టైమ్‌లైన్ మీద ఆగుతది: ఫుటేజ్ సతాయిస్తే ఏం చెయ్యాలె

ముహూర్తాలు మొదలైనయంటే చాలు, నల్లగొండ అయినా జడ్చర్ల అయినా పెళ్లి వీడియోల మిక్సింగ్, అంటే ఎడిటింగ్ చేసే పిల్లలు అడిగేది ఒక్కటే. అన్నా, వీఎల్‌సీల మస్తు ఆడుతుంది గని ప్రీమియర్ల పెడితే ఆగి ఆగి పోతుంది, సిస్టమ్ మార్చాల్నా అని. వీఎల్‌సీ అంటే వీడియో చూసే సాఫ్ట్‌వేర్, ప్రీమియర్ అంటే ఎడిట్ చేసే అడోబ్ సాఫ్ట్‌వేర్, టైమ్‌లైన్ అంటే అందుల క్లిప్పులు వరుసగ పేర్చే పట్టీ. చాన సార్లు సిస్టమ్ మార్చే పనే ఉండదు. ర్యామ్ కొంటరు, విండోస్ మళ్ల ఎక్కిస్తరు, ఎవడో చెప్పిండని ఇంకో సాఫ్ట్‌వేర్‌కు పోతరు, ఆఖరికి అదే ఫైలు అట్లనే ఆగుతది. ఎందుకంటే అడగాల్సిన ప్రశ్న సిస్టమ్ గురించి కాదు, ఆ ఫైల్ లోపల ఏముంది అని. అది చూసినంక చెయ్యాల్సిన పని దానంతట అదే తెలుస్తది, చూడకముందు ఏం చేసినా చీకట్ల బాణమే.

ముందు ఫైల్‌ను తెరిచి చూడుండ్రి

ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ, ఎంటీఎస్ ఇవన్నీ ఉత్త బస్తాలు. మిర్యాలగూడ మిల్లుల బయట ఒకే రకం బస్తాలు పేర్చి ఉంటయ్, లోపల సన్నాలా దొడ్డువా అనేది కుట్టు ఇప్పితేనే తెలుస్తది గద, ఇదీ గంతే. లోపల వీడియోను కుదించి పెట్టిన పద్ధతిని కోడెక్ అంటరు. రెండు ఫైళ్లకూ చివర ఎంపీ4 అనే ఉంటది, ఒకదాంట్ల హెచ్.264 ఉంటది, ఇంకోదాంట్ల హెచ్.265 ఉంటది, మొదటిది నీళ్లు తాగినట్టు ఆడుతది, రెండోది సిస్టమ్‌కు చెమటలు పట్టిస్తది. హెచ్.265నే హెచ్ఈవీసీ అని కూడ అంటరు, రెండూ ఒక్కటే.

దీనికి మీడియాఇన్ఫో అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీ. ఎక్కించుకొని ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టి తెరవుండ్రి, వ్యూల ట్రీ పెడితే అన్నీ వరుసగ కనపడతయ్. అది లేకుంటే వీఎల్‌సీలనే కంట్రోల్ జే నొక్కినా కొంత కనపడతది గని అన్నీ చూపియ్యదు. చూడాల్సినవి ఇవి:

ఫార్మాట్: ఏవీసీ అని ఉంటే హెచ్.264, హెచ్ఈవీసీ అని ఉంటే హెచ్.265.
బిట్ డెప్త్ (రంగుల మెట్లు ఎన్ని అనేది): 8 బిట్‌లా, 10 బిట్‌లా.
క్రోమా సబ్‌శాంప్లింగ్ (రంగు వివరం ఎంత దాచిందనేది): 4:2:0నా, 4:2:2నా.
ఫ్రేమ్ రేట్ మోడ్: సెకనుకు వచ్చే ఫ్రేములు (బొమ్మలు) ఒకే తీరుగ ఉండే కాన్‌స్టంటా, మారుకుంట పోయే వేరియబులా. ఫోన్ వీడియోలకు ఇదే అసలు గండం.
ఫ్రేమ్ రేట్: 25, 29.97, 30, 50, ఏదో ఒకటి.
ఆడియో కింద శాంప్లింగ్ రేట్: 48 కిలోహెర్ట్జా, 44.1ఆ.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈ మధ్య పెళ్లిళ్లల్ల ఎక్కువ కనపడే సోనీ ఏ7 ఫోర్ కెమెరా ఫైల్ తీసుకోండ్రి. 4కే 25 ఫ్రేముల మీద 10 బిట్ పెట్టి తీస్తే మీడియాఇన్ఫోల ఏవీసీ, 10 బిట్స్, 4:2:2, సెకనుకు 140 మెగాబిట్స్ దరిదాపుల అని వస్తది. 140 మెగాబిట్స్‌ను 8తోని భాగిస్తే 17.5 మెగాబైట్లు. మామూలు హార్డ్ డిస్కు కూడ సెకనుకు 100 మెగాబైట్ల పైన చదువుతది, అంటే డిస్కు స్లో ఉండి ఆగుతుంది అనే మాట ఇక్కడ నిలవదు. మరి ఎందుకు ఆగుతుంది? ఈ కోడెక్‌లల్ల ప్రతి ఫ్రేమూ పూర్తిగ ఉండదు, అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేమ్ పెట్టి మధ్యలోవాటికి ముందుదాంట్లకెల్లి ఏం మారిందో అంతే రాసి పెడతది. వీఎల్‌సీ సీదా ముందుకు ఆడిస్తది కాబట్టి కష్టం లేదు. మీరు ఎడిటింగ్‌ల ఏం చేస్తరు, వెనక్కి గుంజుతరు, మధ్యల కట్ చేస్తరు, మూడు కెమెరాలు ఒకదాని మీద ఒకటి పెడతరు, ప్రతిసారి అది వెనక్కి పోయి పూర్తి ఫ్రేమ్‌ను ఎతికి అక్కడి నుంచి మళ్ల లెక్క కట్టుకుంట రావాలె. ఆ లెక్క కట్టే పని గ్రాఫిక్స్ చిప్ చేస్తే సరే, చెయ్యకుంటే మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడతది.

గ్రాఫిక్స్ కార్డు ఉన్నా ఎందుకు పని చేస్తలేదు

ఇది చానమందికి తెల్వని ముచ్చట, అందుకే కొంచెం నిదానంగ చెప్త. ఎన్విడియా కార్డు పెట్టిన గద అని ధీమాగ ఉంటరు. 8 బిట్ 4:2:0 ఫైళ్లను ఆ కార్డులు మంచిగనే ఆడిస్తయ్. గని 4:2:2 ఫైళ్లను ఆడించే శక్తి ఎన్విడియాల 2025ల వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌కే వచ్చింది, 30 సిరీస్ అయినా 40 సిరీస్ అయినా ఎంత పైసలు పెట్టి కొన్నా 4:2:2కి చేతులెత్తుతది. అదే ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి ప్రాసెసర్‌లనే ఉండే గ్రాఫిక్స్ హెచ్.265 4:2:2 10 బిట్‌ను మంచిగ ఆడిస్తది, దాన్నే క్విక్ సింక్ అంటరు. హెచ్.264ల 4:2:2 10 బిట్ అయితే మన దగ్గర ఉండే సిస్టమ్‌లల్ల ఎక్కువ శాతం ప్రాసెసర్ మీదనే పడతది, అందుకే హెచ్.265 బరువు అంటరు గని ఒక్కోసారి అదే నయం అనిపిస్తది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాను దొరికే సీటీసీకి పోయి సిస్టమ్ కట్టిచ్చుకునేటప్పుడు వెయ్యి రెండు వేలు తక్కువైతదని చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ ఇప్పిచ్చుకుంటరు, 12400ఎఫ్ అట్లాంటివి. ఆ ఎఫ్ ఉన్నదాంట్ల లోపలి గ్రాఫిక్స్ ఉండదు, అంటే క్విక్ సింక్ కూడ ఉండదు. గేములు ఆడుకునేటోనికి ఏం ఫరక్ పడదు, వీడియో మిక్సింగ్ చేసేటోనికి మాత్రం అదే పెద్ద దెబ్బ. కొత్తగ కొనేటోళ్లు ఉంటే ఎఫ్ లేనిదే అడుగుండ్రి. ఎఫ్ లేకున్నా పని చేస్తలేదంటే బయోస్‌ల (సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌లు) లోపలి గ్రాఫిక్స్ ఆఫ్ అయి ఉండొచ్చు, గ్రాఫిక్స్ కార్డు పెట్టంగనే కొన్ని మదర్‌బోర్డులు దాన్ని ఆపేస్తయ్, బయోస్‌లకు పోయి ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే ఆప్షన్‌ను ఎనేబుల్ చేసి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్కియ్యాలె.

పని చేస్తుందో లేదో ఎట్ల తెలుస్తదంటే, టైమ్‌లైన్ ఆడిచ్చుకుంట టాస్క్ మేనేజర్ తెరవుండ్రి, పర్ఫార్మెన్స్‌ల జీపీయూ మీద నొక్కితే వీడియో డీకోడ్ అని ఒక గ్రాఫ్ ఉంటది. ప్రాసెసర్ 100 దగ్గర ఉండి ఆ వీడియో డీకోడ్ గీత కింద నేలకు అతుక్కొని ఉంటే మీ ఫైల్‌ను గ్రాఫిక్స్ ముట్టుకుంటలేదన్నట్టు. గీత లేస్తుందంటే డీకోడింగ్ సరిగనే ఉంది, తిప్పలు ఇంకెక్కడనో ఉంది, ఎఫెక్ట్‌ల కావచ్చు, డిస్కుల కావచ్చు.

ఆగి ఆగి పోతుంటే ఈ వరుసల చెయ్యుండ్రి

వరుస ఎందుకంటే పైనవి నిమిషంల అయితయ్, కిందవి గంటలు తింటయ్.

1. ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లేబ్యాక్ రిజొల్యూషన్ ఫుల్ ఉంటే హాఫ్‌కో క్వార్టర్‌కో మార్చుండ్రి. డావిన్చి రిసాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల అయితే ప్లేబ్యాక్ మెనూల టైమ్‌లైన్ ప్రాక్సీ రిజొల్యూషన్ అనో టైమ్‌లైన్ ప్లేబ్యాక్ రిజొల్యూషన్ అనో ఉంటది. చూసేటప్పుడే తగ్గుతది, ఎక్స్‌పోర్ట్‌ల క్వాలిటీ ఏం తగ్గదు.

2. ప్రీమియర్ల ఫైల్, ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లకు పోయి రెండరర్ చూడుండ్రి, సాఫ్ట్‌వేర్ ఓన్లీ అని ఉంటే CUDA అని రాసి ఉన్న జీపీయూ యాక్సిలరేషన్‌కు మార్చుండ్రి. తర్వాత ప్రిఫరెన్సెస్ మీడియాల హార్డ్‌వేర్ యాక్సిలరేటెడ్ డీకోడింగ్ టిక్ ఉందో చూడుండ్రి. టిక్ పెట్టినంక సాఫ్ట్‌వేర్ మూసి తెరవాలె, అట్లనే వదిలేస్తే పని చెయ్యదు.

3. మీడియా క్యాష్ (సాఫ్ట్‌వేర్ తన పనికి రాసుకునే తాత్కాలిక ఫైళ్లు) తీసెయ్యుండ్రి. ప్రిఫరెన్సెస్‌ల మీడియా క్యాష్, డిలీట్. మొన్న పెళ్లి, అటుమొన్న పుట్టువెంట్రుకలు, దాని ముందు ఓణీల ఫంక్షన్ అన్నిటి క్యాష్ సీ డ్రైవ్‌ల పేరుకొని పోయి డ్రైవే నిండిపోయి ఉంటది. క్యాష్ ఉండాల్సింది ఎస్ఎస్‌డీల, సీ డ్రైవ్ కాకుండ వేరే ఎస్ఎస్‌డీ ఉంటే ఇంక మంచిది.

4. స్పేస్ బార్ కొడితే అసలు కదలనే కదలదు, లేకుంటే బొమ్మ ఆగి ఉండి సౌండ్ కూడ రాదు, ఇది వీడియో తిప్పలు కానే కాదు. ప్రిఫరెన్సెస్‌ల ఆడియో హార్డ్‌వేర్‌కు పోయి ఇన్‌పుట్ దగ్గర నో ఇన్‌పుట్ పెట్టి, అవుట్‌పుట్ దగ్గర మీ స్పీకర్‌నే ఎన్నుకోండ్రి. హెడ్‌ఫోన్ పీకినప్పుడు, బ్లూటూత్ స్పీకర్ ఆఫ్ అయినప్పుడు సాఫ్ట్‌వేర్ లేని డివైస్‌ను ఎతుక్కుంట కూర్చుంటది.

5. ఫుటేజ్ ఎక్కడ ఉందో చూడుండ్రి. పెన్‌డ్రైవ్ మీద నుంచో కార్డ్ రీడర్ మీద నుంచో సీదా ఎడిట్ చేసేటోళ్లు ఇంకా ఉన్నరు. యూఎస్‌బీ 2 పోర్టు మీద నిజానికి సెకనుకు 30, 40 మెగాబైట్లు వస్తే గొప్ప, ఇందాక పైన చెప్పిన 17.5 మెగాబైట్ల ఫైళ్లు మూడు మల్టీకామ్‌ల (అన్ని కెమెరాలు ఒకేసారి చూసుకుంట ఎడిట్ చేసుడు) పెడితే 52 దాటుతది, ఇగ ఎట్ల ఆడుతది. బయటి డ్రైవ్ అయితే నీలం రంగు పోర్టుల పెట్టి వాడుకోండ్రి.

6. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉందా, పవర్ ప్లాన్ ఏముంది చూడుండ్రి. మన దగ్గర ఎండాకాలం ముచ్చట వేరే ఉంటది, మే నెలల బయట 44, 45 డిగ్రీలు కొట్టేటప్పుడు రేకుల షెడ్డు కింద ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి ఎడిట్ చేస్తే అది వేడికి స్పీడ్ తానే తగ్గించుకుంటది. టాస్క్ మేనేజర్ల సీపీయూ స్పీడ్ చూడుండ్రి, బేస్ స్పీడ్ కన్నా కిందికి పడి ఉంటే ఇదే కారణం. పొద్దుగాల మంచిగ ఆడింది, మధ్యాహ్నం ఆగుతుంది అంటే ఫార్మాట్‌ను తిట్టకుండ ఫ్యాన్ల దుమ్ము తీయిండ్రి.

ఈ ఆరు చేసినా ఆగుతుంటే అప్పుడు ప్రాక్సీ.

ప్రాక్సీ ఎట్ల చేసుకోవాలె

ప్రాక్సీ అంటే అసలు ఫైల్‌కు ఒక తేలిక కాపీ, ఎడిటింగ్ దాని మీద చేస్తరు, ఎక్స్‌పోర్ట్ అసలుదాని మీద అయితది. ప్రీమియర్ల బిన్‌ల క్లిప్పులన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్. క్విక్‌టైమ్ కింద ప్రోరెస్ ప్రాక్సీ ప్రీసెట్ తీసుకోండ్రి, హెచ్.264 ప్రాక్సీ తీసుకుంటే సైజు తక్కువే గని ప్రోరెస్‌ల ప్రతి ఫ్రేమ్ పూర్తిగ ఉంటది కాబట్టి వెనక్కి ముందుకు గుంజినా తడబడదు. మీడియా ఎన్‌కోడర్ తెరుచుకొని పని మొదలుపెడతది, రాత్రి పెట్టి పండుకుంటే తెల్లారేసరికి అయితది. తర్వాత ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లస్ గుర్తు నొక్కి టాగుల్ ప్రాక్సీస్ బటన్‌ను కిందికి గుంజి పెట్టుకోండ్రి, నీలం ఉంటే ప్రాక్సీ ఆడుతున్నట్టు. ఎక్స్‌పోర్ట్‌ల యూజ్ ప్రాక్సీస్ అనే టిక్ మాత్రం ఉండొద్దు.

జాగ ఎంత పడతది అని అడుగుతరు. 1080ల 25 ఫ్రేముల ప్రోరెస్ ప్రాక్సీ సెకనుకు 38 మెగాబిట్స్, అంటే గంట ఫుటేజ్‌కు 17 జీబీ. అదే ప్రోరెస్ 422 అయితే 122 మెగాబిట్స్, గంటకు 55 జీబీ. రెండు రోజుల పెళ్లికి మూడు కెమెరాలల్ల పది గంటలు వచ్చిందనుకోండ్రి, ప్రాక్సీ 170 జీబీ అయితది, 422 అయితే 550. అందుకే ఉత్త ఎడిటింగ్‌కు ప్రాక్సీ చాలు, 422కి పోవాల్సిన పని లేదు.

ఇంకో పెద్ద గండం పేర్లతోని వస్తది. సోనీ కెమెరాలల్ల ఫైళ్ల పేర్లు సీ0001, సీ0002 అనుకుంట పోతయ్, రెండు సోనీలు ఉంటే రెండిట్లనూ సీ0001 ఉంటది. అన్నీ ఒకే ఫోల్డర్ల పడేస్తే కంప్యూటర్ ఒకదాని మీద ఒకటి రాసెయ్యాల్నా అని అడుగుతది, తొందరల అవును కొడితే పాణిగ్రహణం పోయి ఊరేగింపు మిగులుతది. కెమెరాకు ఒక ఫోల్డర్, రోజుకు ఒక ఫోల్డర్ ముందుగాలనే చేసుకోండ్రి, ప్రాక్సీలు కూడ అట్లనే వేరువేరుగ.

ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లు మన దిక్కు ఇప్పటికీ మస్తుగున్నరు, ఎడియస్ దానికదే తేలికగ ఆడుతది, ముఖ్యంగ ఇంటెల్ క్విక్ సింక్ ఉంటే. దాంట్ల కూడ బరువు ఫైళ్లు ఆగితే ఎఫ్11 కొట్టి ప్రింట్ టు ఫైల్‌ల గ్రాస్ వ్యాలీ హెచ్‌క్యూఎక్స్ ఏవీఐగ మార్చుకొని ఆ ఏవీఐని టైమ్‌లైన్ మీద పెట్టుకుంటే సరిపోతది. పాత ఎడియస్ వర్షన్లకు ఎంఓవీ తెరవాలంటే క్విక్‌టైమ్ ఉండాల్నని అడుగుతది, విండోస్ క్విక్‌టైమ్‌ను ఆపిల్ 2016ల ఆపేసింది, ఎక్కడెక్కడనో దొరికేది ఎక్కిచ్చి వైరస్ తెచ్చుకునే బదులు ఎంఓవీనే ఏవీఐగ మార్చుకునుడు మేలు.

అసలు ఇంపోర్టే అయితలేదు, లేకుంటే సౌండే వస్తుంది

సౌండ్ వచ్చి బొమ్మ నల్లగనో మీడియా ఆఫ్‌లైన్ అనో వస్తే చాన వరకు కోడెక్ తిప్పలే అనుకోండ్రి. ప్రీమియర్ పాత వర్షన్ సీఎస్6 ఇంకా వదలని స్టూడియోలు ఉన్నయ్, అది వచ్చింది 2012ల, హెచ్.265 స్టాండర్డ్ వచ్చిందే 2013ల, దానికి ఎట్ల తెలుస్తది పాపం. కొత్త ఐఫోన్ ఫైల్ తీసుకొచ్చి సీఎస్6ల పెడితే తీసుకోదు. రిసాల్వ్ ఫ్రీ వర్షన్ విండోస్‌ల 8 బిట్ ఫైళ్లను ఆడిస్తది గని 10 బిట్ 4:2:2 ఫైళ్లకు స్టూడియో వర్షన్ కావాలె, లినక్స్‌ల ఫ్రీ వర్షన్‌కైతే హెచ్.264 కూడ రాదు, ఏఏసీ ఆడియో కూడ రాదు.

దీనికి మందు మార్చుకునుడే. షటర్ ఎన్‌కోడర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఫైళ్లన్నీ అందుల గుంజి పడేసి ఫంక్షన్ల అడోబ్ వాడేటోళ్లు ఆపిల్ ప్రోరెస్, రిసాల్వ్ వాడేటోళ్లు డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎన్నుకొని స్టార్ట్ కొట్టుండ్రి. స్క్రీన్ రికార్డింగ్‌లు ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి చాన సార్లు ఎంకేవీల వస్తయ్, దాన్ని ప్రీమియర్ చాన వర్షన్లల్ల తీసుకోదు, గని లోపల హెచ్.264నే ఉంటది కాబట్టి మొత్తం మార్చాల్సిన పని లేదు, ఓబీఎస్‌లనే ఫైల్ మెనూల రీమక్స్ రికార్డింగ్స్ (ఉత్త బస్తా మార్చుడు) కొడితే నిమిషంల ఎంపీ4 అయితది, క్వాలిటీ ఇసుమంత కూడ పోదు.

పాత హ్యాండీక్యామ్ ఎంటీఎస్ ఫైళ్లు అయితే ఒక జాగ్రత్త. కార్డుల ప్రైవేట్ అనే ఫోల్డర్ ఉంటది, దాని లోపల లోపల ఎక్కడో స్ట్రీమ్ ఫోల్డర్ల ఎంటీఎస్‌లు ఉంటయ్, అవి ఒక్కటే కాపీ చేసుకొని మిగతాది తీసెయ్యొద్దు. పొడుగు క్లిప్పులను కెమెరా ముక్కలు చేసి పెడతది, ఆ ముక్కలు ఎట్ల కలవాల్నో చెప్పే లెక్క మిగతా ఫోల్డర్లల్ల ఉంటది, అది లేకుంటే ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ మధ్యల సౌండ్ కట్ అయితది, సరిగ్గ తలంబ్రాల కాడనే అయితది అది. కార్డు మొత్తం ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండ్రి.

ఫోన్ వీడియోలు, సౌండ్ పక్కకు పోవుడు

కెమెరాలోళ్లు ఎంత మంది ఉన్నా పెండ్లికూతురు తమ్ముడు ఫోన్‌ల తీసిన బారాత్ డ్యాన్స్ ఎక్కియ్యాల్నని ఒత్తిడి వస్తది. వాట్సాప్‌ల పంపుతడు, అది పిసికి చిన్నది చేసి పంపుతది, డాక్యుమెంట్‌గ పంపమనుండ్రి, 2 జీబీ దాక పోతది. సరే ఫైల్ వచ్చింది, మొదట్ల పెదవులూ మాటలూ కలిసే ఉంటయ్, ఐదు నిమిషాలకు డప్పు కొట్టేది ఒక కాడ, సౌండ్ ఇంకో కాడ. ఎందుకంటే ఫోన్ చీకట్ల ఫ్రేములు తగ్గిస్తది, వెలుగుల పెంచుతది, ఒకసారి 30, ఒకసారి 27, ఒకసారి 24. మీడియాఇన్ఫోల ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్ అని ఉండేది ఇదే. ప్రీమియర్ 2018 నుంచి వీటిని కొంత పట్టుకుంటుంది గని పొడుగు క్లిప్పుల మీద నమ్మకం లేదు.

హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చుకొని ఫైల్ తెరవుండ్రి. వీడియో ట్యాబ్‌ల ఫ్రేమ్ రేట్ దగ్గర 30 పెట్టి, దాని కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎన్నుకోండ్రి, పీక్ అని ఉన్నది కాదు. క్వాలిటీ ఆర్ఎఫ్ 16 నుంచి 18 మధ్య పెడితే కంటికి తేడా తెల్వదు. ప్రీసెట్లల్ల ప్రొడక్షన్ అని ఒక గుంపు ఉంటది, అవి ఎడిటింగ్ కోసమే చేసినయ్, అదే తీసుకుంటే ఇంక మంచిది. మార్చినంక టైమ్‌లైన్ మీద పెట్టి మొదట్ల, నడుమ, చివర మూడు కాడల చప్పట్లో డప్పు దెబ్బో చూసి సరిచూసుకోండ్రి.

సౌండ్ వేరే రికార్డర్ల తీసినోళ్లకు ఇంకో రకం తిప్పలు. జారుడు గంట పొడుగునా ఒకే తీరుగ, మెల్లగ పెరుగుకుంట పోతే అది వేరియబుల్ కాదు, 30కీ 29.97కీ తేడా కావచ్చు. వెయ్యికి ఒక వంతు, గంటకు 3.6 సెకన్లు అయితది. అట్లుంటే ఆడియో మీద రేట్ స్ట్రెచ్ వేసి సరిచెయ్యొచ్చు. రికార్డర్ 44.1ల ఉంటే తర్వాతసారి 48కి మార్చుకోండ్రి, వీడియోకు అదే లెక్క.

25, 30 కలిపితే వచ్చే కుదుపు

మన దేశంల పాల్ (సెకనుకు 25 ఫ్రేముల టీవీ లెక్క), కరెంటు 50 హెర్ట్జ్. అందుకే ఫంక్షన్ హాల్ లైట్ల కింద 25 ఫ్రేముల మీద షటర్ 50 పెడితే లైట్లు మినకవు, 60 పెడితే బొమ్మల మీద చారలు ఆడతయ్, అవి ఎడిటింగ్‌ల తీసుడు మహా కష్టం. డ్రోన్, ఫోన్, ఐఫోన్ మాత్రం పెట్టెల నుంచి తీసినప్పుడు 30 మీదనే ఉంటయ్. 25 టైమ్‌లైన్ మీద 30 పెడితే సెకనుకు ఐదు ఫ్రేములు ఎగిరిపోతయ్, పిల్లలమర్రి చుట్టూ డ్రోన్ మెల్లగ తిప్పిన షాట్ గుర్రం బండిల కూసున్నట్టు కుదుపుతది. డ్రోన్‌కు సౌండ్ ఎట్లనూ లేదు కాబట్టి క్లిప్ మీద రైట్ క్లిక్, మాడిఫై, ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌ల 25 అని కొట్టుండ్రి, కొంచెం నెమ్మదిస్తది, చూడటానికి ఇంకా బాగుంటది. 50ల తీసింది ఉంటే అదే పని చేస్తే సగం స్లోమోషన్. రిసాల్వ్‌ల మాత్రం క్లిప్పులు వెయ్యకముందే ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ 25 పెట్టుకోండ్రి, వేసినంక మార్చనియ్యదు.

కెమెరామెన్‌లు వేరువేరు అయితే షూట్‌కు ముందు రోజే ఫోన్ చేసి అందరినీ పాల్ 25 మీద పెట్టుమని చెప్పుండ్రి, రెండు నిమిషాల పని.

ఐఫోన్ ఇంకో కథ. 2017ల ఐఓఎస్ 11 వచ్చిన కాడి నుంచి హెచ్.265లనే తీస్తది, సెట్టింగ్స్‌ల కెమెరా, ఫార్మాట్స్‌ల మోస్ట్ కంపాటిబుల్ పెడితే హెచ్.264కు వస్తది. ఐఫోన్ 12 నుంచి హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువ పట్టుకునే వీడియో) కూడ ఉంది, అది మామూలు టైమ్‌లైన్‌ల పెడితే పెండ్లికూతురు మొకం సున్నం కొట్టినట్టు తెల్లగ పోతది, పట్టుచీర జరీ కనపడదు. ముందే అయితే రికార్డ్ వీడియోల హెచ్‌డీఆర్ వీడియో ఆఫ్ చెయ్యమనుండ్రి. తీసేసినంక అయితే ప్రీమియర్ల అదే ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌ల కలర్ స్పేస్ ఓవర్‌రైడ్ రెక్ 709 (మామూలు వీడియో రంగుల లెక్క) పెట్టి చూడుండ్రి, చాన వరకు దారికొస్తది, మిగిలింది కలర్ కరెక్షన్‌ల.

పాత పెళ్లి డీవీడీల వీఓబీలు, మినీడీవీ టేపులు మళ్ల ఎక్కియ్యమని అడిగితే కదిలే చోట దువ్వెన పండ్లోలె గీతలు వస్తయ్, అది ఇంటర్‌లేస్ (ఒక్కో ఫ్రేమ్‌ను గీత విడిచి గీత రెండు సగాలుగ తీసుడు). హ్యాండ్‌బ్రేక్‌ల ఫిల్టర్లల్ల డీఇంటర్‌లేస్ పెట్టి మార్చుకోండ్రి, అయిపోతది.

ఫైల్ చెడిపోతే

బ్యాటరీ అయిపోయిందో, రికార్డింగ్ ఆపకముందే ఎవలన్నా బ్యాటరీ పీకిండ్రో, అప్పుడు ఫైల్ సైజు కనపడతది గని ఎక్కడా తెరవదు. ఎంపీ4ల క్లిప్ మొత్తానికి పట్టిక లాంటి ముక్క రికార్డింగ్ ఆపినప్పుడే చివర్ల రాయబడతది, అది రాయకముందు కరెంటు పోతే లోపల బొమ్మలు ఉన్నా ఎక్కడెక్కడ ఉన్నయో చెప్పేటోడు లేడు. మొట్టమొదట ఆ కార్డును కంప్యూటర్ల పెట్టి పొరపాటున కూడ ఫార్మాట్ కొట్టొద్దు, దాంట్ల కొత్తగ ఏం రాయొద్దు. కార్డును తీసిన కెమెరాలనే మళ్ల పెట్టి ఆన్ చెయ్యుండ్రి, గోప్రో, కొన్ని డ్రోన్లు మధ్యల ఆగిన ఫైల్‌ను తామే సరిచేసుకుంటయ్. సోనీ అయితే ఇమేజ్ డేటాబేస్ రికవర్ చెయ్యాల్నా అని అడుగుతది, ఫైళ్లు ముందు కంప్యూటర్ల కాపీ చేసుకున్నంకనే అవును కొట్టుండ్రి.

అట్ల కాకుంటే అన్‌ట్రంక్ అనే ఫ్రీ టూల్ ఉంది. దానికి చెడిపోయిన ఫైల్‌తో పాటు అదే కెమెరాల, అదే సెట్టింగ్‌ల మీద తీసిన ఒక మంచి ఫైల్ ఇయ్యాలె, దాన్ని చూసి దీని లెక్క కట్టుకుంటది. మంచి ఫైల్ లేకుంటే ఆ కెమెరా తెప్పిచ్చి అదే రిజొల్యూషన్, అదే ఫ్రేమ్ రేట్, అదే కోడెక్ పెట్టి వేరే కార్డుల రెండు నిమిషాలు గోడనన్నా తీయుండ్రి, సరిపోతది. కార్డే చదువుతలేదు, లేకుంటే ఎవలో డిలీట్ కొట్టిండ్రు అంటే పోయిన ఫైళ్లను వెనక్కి తెచ్చే రికూవా, ఫోటోరెక్ సాఫ్ట్‌వేర్లు నడిపించి చూడాలె, తీసిన ఫైళ్లను మాత్రం ఆ కార్డులకు కాదు, వేరే డ్రైవ్‌లకు సేవ్ చెయ్యాలె. ఫోటోరెక్ తీసిన ఫైళ్లకు పాత పేర్లు ఉండవు, ఏవో అంకెలు ఉంటయ్, కాబట్టి ఒక్కొక్కటి తెరిచి ఏది మంగళస్నానమో ఏది రిసెప్షనో మీరే చూసి పేర్లు పెట్టుకోవాలె.